చెంప మీది మచ్చ

నా దుకాణానికి గ్రాఫిక్స్ కార్డు పట్టుకుని వచ్చే ప్రతి కొత్తవాడినీ నేను ముందు తిడతాను, తర్వాతే నేర్పుతాను. "ఒరేయ్, కార్డు వేగం పెంచడం పెద్ద విద్యేం కాదు. తెర మీద ఆ మీటని కుడివైపు లాగితే గాడిద కూడా పెంచుతుంది. పెంచింది నిలబడుతుందా లేదా అని చూడటం రా విద్యంటే. కొంచెం పెంచు, గంటసేపు పరీక్ష పెట్టు, తెర మీద చుక్కలొస్తే వెనక్కి రా. చుక్క ఒక్కటొచ్చినా కార్డు లెక్క తప్పుతున్నట్టే." ఇరాక్‌లోని బస్రాలో, అషార్ బజారు వెనక సందులో పన్నెండేళ్లుగా ఇదే పాట పాడుతున్నాను. నా పేరు లఫ్తా. నా నోటికి జడిసి సగం మంది పక్క దుకాణానికి పోతారు. పోనీ, పీడా పోయింది.

ఇన్ని నీతులు చెప్పే నేనే ఒకరోజు ఆ పరీక్ష ఎగ్గొట్టాను.

మా చిన్నాన్న హాజీ దాఖిల్‌కి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నుఐమ్, చిన్నవాడు చాసిబ్. జూలై నెలలో ఒక పొద్దున నుఐమ్ రొట్టెల కొట్టు దగ్గర సమ్మూన్ రొట్టెలు కొనుక్కుని వెనక్కి తిరిగాడు. ఎవడో మోటారు సైకిలు దిగి, మెడలో రెండు గుళ్లు, పొట్టలో ఒకటి దింపి పోయాడు. నేను వెళ్లేసరికి రొట్టెల సంచి ఇంకా వాడి పిడికిట్లోనే ఉంది. వేడి రొట్టెలు నెత్తురు పీల్చుకుని ఉబ్బిపోయాయి. నుఐమ్ నాకంటే మూడు నెలలు చిన్న. ఒకే కంచంలో తిని పెరిగాం. ఆ రొట్టెల్ని చూసి నేను నడిరోడ్డు మీద ఎద్దులా అరిచానట, నాకైతే గుర్తు లేదు.

మావాళ్లందరినీ పాతిపెట్టే నజఫ్ శ్మశానానికి తీసుకెళ్లి మట్టి చేసి వచ్చాం. తిరిగి వచ్చే దారి పొడుగునా చాసిబ్‌ది ఒకటే మాట. "వాడి మొహం చూపించండి నాకు. మొహం ఒక్కటి చూపించండి, చాలు."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వాడు నా దుకాణంలోకి వచ్చి షట్టరు సగం దించాడు. నడుముకున్న తుపాకీ తీసి నా బల్ల మీద పెట్టి, పక్కన ఒక పెన్‌డ్రైవ్ పెట్టాడు. రొట్టెల కొట్టుకి ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలో పడిన వీడియో అది. వేసి చూశాను. కాల్చినవాడు కనబడుతున్నాడు గానీ, వాడి మొహం పెసరగింజంత ఉంది, అదీ మసక.

"దీన్ని పెద్దది చేసే ప్రోగ్రాం ఉందన్నావు కదన్నా," అన్నాడు.

"ఉంది. భారమంతా కార్డు మీద పడుతుంది. నాలుగు గంటలు."

"నాలుగు గంటలా! ఒంటిగంటకల్లా పెద్దలు పరామర్శ గుడారంలోంచి లేచిపోతారు. అప్పటికి నా చేతిలో ఉండాలి."

"ఉండాలంటే ఎలా ఉంటుంది రా? నీ అబ్బ సొత్తా కరెంటు?"

వాడు నా చొక్కా పట్టుకుని వెనక్కి నెట్టాడు. నా తల ఇనప అలమర అంచుకి తగిలి చెవి వెనక నుంచి నెత్తురు కారింది. "మా అన్నని కడిగినప్పుడు వాడి మెడలో నా వేలు దూరింది," అన్నాడు. "దూరింది అన్నా, ఇంతవరకు. నువ్వు నాకు గంటలు లెక్క చెబుతున్నావా?"

భయపడి ఒప్పుకున్నానని ఎవరైనా అనుకుంటారేమో. కాదు. నా ఒళ్లూ వాడి ఒళ్లులాగే మండుతోంది. మీటలు లాగాను. కార్డు కోర్ వేగం నూట యాభై మెగాహెర్ట్జ్, మెమరీ వేగం ఒకేసారి తొమ్మిది వందలు పెంచాను. కొత్తవాడెవడైనా నా ముందు ఆ పని చేస్తే చెంప పగలగొట్టేవాణ్ణి. దానివల్ల కలిసొచ్చేది ఎంత? నాలుగు గంటల పని మూడున్నర గంటలవుతుంది. ఆ అరగంట కోసం గంట పరీక్షని పది నిమిషాలకి కుదించాను.

ఆ పది నిమిషాలూ కార్డు బుద్ధిగా నిలబడింది. ఎందుకు నిలబడదు? అప్పుడు సర్కారు కరెంటు ఉంది, నెత్తిన ఏసీ తిరుగుతోంది. మా ఊరివాళ్లంతా చేసే తప్పే ఇది. పరీక్ష సర్కారు కరెంటు మీద పెడతాం, పని జనరేటర్ కరెంటు మీద చేస్తాం. జనరేటర్‌వాడు ఇచ్చే ఆరు ఆంపియర్లకి ఏసీ వేస్తే బ్రేకరు పడిపోతుంది. బయట యాభై డిగ్రీల ఎండ. పదకొండింటికి సర్కారు కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఏసీ ఆగింది. దుకాణం పొయ్యిలా అయింది. కార్డు వేడి తొంభై దాటింది.

పన్నెండు కావస్తుండగా తెర మూల ఒక పచ్చ చుక్క మెరిసి పోయింది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. నా వెనక చాసిబ్ తుపాకీ గుళ్లు తీస్తూ, పెడుతూ, తీస్తూ కూర్చున్నాడు. ఇంకెంతసేపు అని అడుగుతూనే ఉన్నాడు. నేను నోరు మూసుకుని పని సాగనిచ్చాను.

పన్నెండున్నర దాటాక బొమ్మ వచ్చింది. నలభై ఏళ్ల మగవాడి మొహం. ఎడమ చెవి నుంచి దవడ దాకా అరచేతి వెడల్పున నల్లటి మచ్చ.

"ముతషర్!" అన్నాడు చాసిబ్.

మా పేటకి కరెంటు అమ్మే జనరేటర్ ముతషర్‌ది. పాతికేళ్ల వయసులో మరిగే రేడియేటర్ నీళ్లు చిమ్మి వాడి ఎడమ చెంప కాలిపోయింది. అంతకు వారం ముందే నుఐమ్‌కీ వాడికీ కరెంటు తీగ విషయంలో తగాదా అయింది, నలుగురిలో చొక్కాలు పట్టుకున్నారు. ఇంక అనుమానించడానికి ఏముంది? నాకూ లేదు. "వీడా, మనింట్లో దీపం వెలిగించేవాడా!" అని నేనే ముందు బల్ల గుద్దాను.

మేం గుడారానికి వెళ్లేసరికి ముతషర్ అక్కడే ఉన్నాడు, పరామర్శకి వచ్చి కూర్చున్నాడు. చాసిబ్ చెప్పులతోనే తివాచీ మీదికెక్కి మోకాలితో వాడి నోటి మీద పొడిచాడు. రెండు పళ్లు కాఫీ గిన్నెల మధ్య పడ్డాయి. నేనూ ఊరుకోలేదు, పక్కటెముకల్లో రెండు తన్నాను. పదిమంది కలిసి మమ్మల్ని ఈడ్చారు. ముతషర్ నెత్తురు మింగుతూ మోకాళ్ల మీద లేచి మా చిన్నాన్న వైపు తిరిగాడు.

"హాజీ, అబ్బాస్ మీద ఒట్టు. నీ కొడుకు మీద నేను చెయ్యెత్తలేదు."

గుడారం మొత్తం చల్లబడిపోయింది. మా వైపు దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేసేవాళ్లున్నారు గానీ కర్బలా వీరుడు అబ్బాస్ మీద వేసినవాడు బతికి బట్టకట్టడు. మా చిన్నాన్న చెయ్యెత్తాడు.

"లేవనివ్వండి," అన్నాడు. "లఫ్తా, రేపు ఆ బొమ్మ పెద్దదిగా కాగితం మీద తీసుకురా. పెద్దల ముందు పెడదాం. అంతవరకు ఎవడూ కదలడానికి వీల్లేదు."

"ఒట్టు మనిషి వేశాడు నాన్నా," అన్నాడు చాసిబ్ రొప్పుతూ. "బొమ్మ మిషను వేసింది. మిషనుకి ఎవడి మీదా పగ లేదు."

చాలామంది తలలూపారు. నేనూ ఊపాను.

మర్నాడు పెందలాడే దుకాణం తీశాను. కాగితం సిద్ధం చేద్దామని కూర్చున్నాను గానీ చెయ్యి ఆడలేదు. పచ్చ చుక్క కళ్ల ముందు ఆడింది, దాని వెనకాలే ఆ ఒట్టు. సర్కారు కరెంటు ఉన్నా ఏసీ కట్టేసి, తలుపులు మూసి, అవే వేగాల మీద పరీక్ష పెట్టాను. ఏడో నిమిషంలో తెర నిండా పచ్చ చుక్కలు, ఆ తర్వాత గళ్లు గళ్లుగా నలుపు, ఆ తర్వాత మిషను బిగుసుకుపోయింది. మీటలన్నీ మొదటి చోటికి లాగేసి, కార్డుని పుట్టు వేగానికి తెచ్చి, వీడియో మళ్లీ పెట్టాను. నాలుగు గంటలు కుర్చీలోంచి లేవలేదు. బొమ్మ వచ్చింది. అదే మనిషి, అదే గడ్డం. ఎడమ చెంప నున్నగా ఉంది. మచ్చ లేదు.

చాసిబ్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. గుడారానికి చేస్తే మా చిన్నాన్న ఎత్తాడు. "వాడు పొద్దుటి నుంచీ లేడు రా. ఏమైంది?"

కొత్త బొమ్మని ఫోన్‌లోకి ఎక్కించుకుని ముతషర్ జనరేటర్ దొడ్డికి పరిగెత్తాను.

రేకుల షెడ్డు అది. లారీ అంత ఇంజన్, దాని మోతకి పక్కవాడు చచ్చినా వినబడదు. చాసిబ్, వాడి స్నేహితులిద్దరు ముతషర్‌ని ఇంజన్ పక్కన నూనె మడుగులో పడేసి ఉన్నారు. చాసిబ్ చేతిలో మూరెడు పానా. ముతషర్ కుడి మోకాలు వెనక్కి వంగిపోయి ఉంది, మనిషి మోకాలు వంగే వైపు కాదు అది. ఒక చెవి తోలుకి వేలాడుతోంది. నేను చూస్తుండగానే చాసిబ్ వాడి జుట్టు పట్టుకుని, కాలకుండా మిగిలిన కుడి చెంపని పొగగొట్టానికి అదిమాడు. ముతషర్ నోరు తెరుచుకుంది, కేక మాత్రం నాకు వినబడలేదు. మాడిన వాసన వచ్చింది.

"వాడు కాదు! ఆపరా! వాడు కాదు!" అని చాసిబ్ చెవి దగ్గర అరిచాను. వాడు చూడకుండానే మోచెయ్యి విసిరాడు, నా ముక్కు పగిలింది. మళ్లీ లేచి నడుం పట్టుకున్నాను. వాడి స్నేహితుడు నన్ను గోడకి కొట్టాడు. చాసిబ్ పానా పక్కన పెట్టి తుపాకీ తీశాడు. ఇంక నాకేమీ తోచలేదు. గోడకున్న పెద్ద మీటని రెండు చేతులా కిందికి లాగాను.

ఇంజన్ దగ్గి ఆగింది. ముతషర్ మూలుగు అప్పుడు వినబడింది.

"మచ్చ నా కార్డు వేసింది రా చాసిబ్!" అన్నాను. ముక్కులోంచి నెత్తురు నోట్లోకి పోతోంది. "తొందరపడ్డాను. పరీక్ష పెట్టలేదు. ఇదిగో, మళ్లీ నడిపాను, చూడు. మచ్చ లేదు. ముతషర్ కాదు."

వాడు నా చేతిలో ఫోన్ లాక్కున్నాడు. బొమ్మలో ఎడమ చెంప చూశాడు. తుపాకీ చేతిలోంచి జారి నూనెలో పడింది.

"మరి వీడెవడు?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"తెలీదు రా."

వాడు ముతషర్ పక్కన కూలబడ్డాడు. తన తలగుడ్డ తీసి, వాడి మొహం మీద ఎక్కడ పెట్టాలో తెలియక, చెవి దగ్గర అదిమాడు. "తండ్రీ, నన్ను క్షమించు, క్షమించు తండ్రీ," అంటున్నాడు. స్నేహితులిద్దరూ అప్పటికే పారిపోయారు.

కరెంటు ఆగితే ముతషర్ తమ్ముడు షనావా ఇంటి నుంచి వచ్చి చూడటం రోజూ ఉన్నదే. ఆ రోజూ వచ్చాడు. వీధిలో చావు తగాదా నడుస్తోంది కాబట్టి తుపాకీ పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోంచి వాడికి కనబడింది నెత్తుట్లో అన్న, అన్న మీద వంగి ఉన్న చాసిబ్. నేను "ఆగు" అనే లోపల నాలుగు గుళ్లు పేల్చాడు. ఒకటి చాసిబ్ కణతలోంచి పోయి వెనక రేకుని చీల్చింది. చాసిబ్ ముతషర్ మీదే బోర్లా పడ్డాడు. వాణ్ణి పక్కకి తీస్తుంటే నా వేళ్లు వాడి తలలోకి దిగాయి. ఇంజన్ ఆపకపోతే ముతషర్ చచ్చేవాడు. ఆపాను, చాసిబ్ చచ్చాడు. ఇప్పటికీ రోజుకి పదిసార్లు ఆ మీట లాగుతాను మనసులో.

ముతషర్ బతికాడు, కుంటుకుంటూ. రెండు తెగల పెద్దలూ కూర్చుని ఏదో తెగ్గొట్టారు. నేను వాళ్ల ముందు లేచి అంతా చెప్పాను. ముతషర్ మేనమామ లేచి చెప్పుతో నా మొహం మీద కొట్టాడు, మావాళ్లెవరూ అడ్డు రాలేదు. రాకపోవడమే న్యాయం.

చాసిబ్ పోయిన పదో రోజు పొద్దున మా చిన్నాన్న దుకాణానికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు చాసిబ్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, జపమాల ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి నడుపు," అన్నాడు.

"బాబాయ్..."

"నిదానంగానే నడుపు. నాలుగు గంటలు కాకపోతే నాలుగు రోజులు పట్టనీ. నేనిక్కడే కూచుంటా. నా నుఐమ్‌ని చంపినవాడి మొహం నాకు కావాలి."

ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "బాబాయ్, ఆ వీడియోలో మొహమే లేదు. పెసరగింజంత మసక ఉంది, అంతే. మిగతాదంతా మిషను ఊహించి వేస్తుంది. ముక్కు ఇలా ఉంటుందేమో, కళ్లు ఇలా ఉంటాయేమో అని. మచ్చ ఉన్న బొమ్మ తప్పు. మచ్చ లేనిదీ నిజం కాదు."

ఆయన వేళ్లు జపమాల మీద ఆగిపోయాయి.

"ఈ సంగతి నీకు మొదటి రోజే తెలుసా?"

"తెలుసు."

"మరి చాసిబ్‌కి చెప్పలేదేం రా?"

"ఆ రోజు నాక్కూడా ఒక మొహం కావాల్సి వచ్చింది బాబాయ్," అన్నాను.