గుమ్మం పక్క తిమో

గుడ్‌ఫ్రైడే నాడు మా దీవిలో ఎవరూ మేకు కొట్టరు. నేనూ కొట్టను. కానీ ఆ ఏడు ఆ రోజే మా ఊరి కలిరోయి ఇంటి గుమ్మం దగ్గర, రాతి మీద కాగితం పరిచి కొట్టాల్సి వచ్చింది.

దీవిలో జరిగే పురావస్తు తవ్వకంలో దొరికిన కుండపెంకులకూ రాతిముక్కలకూ నంబరు వేసి పట్టీ రాసేది ఆంథి. ఏథెన్స్ పిల్ల. వాటిని కడగడం, అతకడం, రాతి మీది అక్షరాలకు కాగితంతో అచ్చు తీయడం నా పని. గిడ్డంగిలో ఒక పాలరాతి ముక్క ఉంది. ‘కూతురు, దేమీటర్ తల్లికి ఇచ్చుకుంది’ అని ఉంది దాని మీద. దేమీటర్ అంటే పాతకాలపు పంటల దేవత. ఎవరి కూతురో, ఆమె పేరేమిటో విరిగిన సగంతో పోయింది. ‘పేరు తెలియని ఆడమనిషి’ అని పట్టీలో రాసిందే గానీ ఆంథికి మనసొప్పలేదు. పాత రాళ్లు తెచ్చి ఇళ్లు కట్టుకున్నారు గనక, ఆ సగం కోసం ఊళ్లో గోడలన్నీ వెతికింది. గురువారం సాయంత్రం కలిరోయి గుమ్మం పక్క రాయికి సున్నం పెచ్చు ఊడిన చోట ఒక అక్షరం కనిపెట్టింది. శనివారం పడవకు ఆమె పట్టీ తీసుకుని వెళ్లిపోవాలి.

“ఇవాళా?” అంది కలిరోయి, సున్నం బకెట్ దించకుండానే. “సాయంత్రం స్వామి పువ్వుల పాడె ఊరేగింపుగా ఈ సందులోంచే వస్తుంది. నా గుమ్మం తెల్లగా లేకపోతే ఊరు నవ్వదూ?”

“అప్పటికి అయిపోతుంది” అన్నాను.

“స్వామికి మేకులు కొట్టిన రోజు. కొట్టడానికి ఇవాళే దొరికిందా యాకుమీ?”

“నువ్వు సున్నం కొట్టడంలా?”

“అది బ్రష్షుతో.”

“నాదీ బ్రష్షే. పంది వెంట్రుకలది.”

“ఉపవాసంలో పంది ఒకటి” అని గొణిగి పక్కకు జరిగింది.

రాయికి ఇనుము తగలనివ్వను. నీళ్లతో నానబెట్టి కర్రపుల్లతో గీకాను. పొరలు పొరలుగా ఊడింది. కలిరోయి సున్నం, దాని కింద ఆమె అత్తగారిది, ఆ కింద ఎవరిదో. అడుగున అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి, కానీ తెల్లరాతి మీద తెల్లగీతలు, కాగితం మీదికి తెస్తేనే చదవొచ్చు.

“మీ సున్నమే కాపాడింది అత్తా” అంది ఆంథి.

“మరి ఊరికే కొడతామా?” అంది కలిరోయి.

తడికాగితం పరిచి బ్రష్షుతో మోదాను. కాగితం ప్రతి గీతలోకీ దిగింది. ఇక ఎండాలి. పచ్చిగా లాగితే చిరుగుతుంది. మళ్లీ తీయడానికి కలిరోయి ఒప్పుకోదు.

చర్చి గంట చావుగంటలా ఒక్కొక్కటే మోగుతోంది. ఎదురింటి నీడ సందులో సగానికి వచ్చింది.

“బాబాయ్, అంచు కొంచెం లాగి చూడనా?”

“ముట్టకు. ఎండితే అదే చెబుతుంది.”

పువ్వుల బుట్టతో పోతున్న ఒకావిడ ఆగింది. “ఏం కలిరోయీ, గోడకు జ్వరమా? తడిగుడ్డ వేశారు.”

“జ్వరం కాదు. లోపల చుట్టం ఉందట, పేరు అడుగుతున్నారు” అంది కలిరోయి. అన్నాక, లోపలికి వెళ్లి ఆ రోజు ఆచారం ప్రకారం వెనిగర్ పోసిన పప్పు మాకు తెచ్చిపెట్టింది. తాను మాత్రం తినకుండా నీడనే చూస్తూ కూర్చుంది.

నీడ గడప దగ్గరికి వచ్చేసరికి కాగితం పైమూల తనంతట తనే లేచింది. నేను రెండు చేతులతో పట్టుకున్నాను. అప్పడంలా ఒక్క ముక్కగా వచ్చింది.

ఆంథి దాన్ని వెలుగుకు ఎత్తి, గిడ్డంగి ముక్క మీది మాటతో కలిపి చదివింది. “తిమో. ఫానియాస్ కూతురు.”

“మొగుడి పేరు లేదా?” అంది కలిరోయి.

“లేదత్తా.”

“సుఖపడింది.”

ఆంథి పట్టీలో పాత మాట కొట్టేసి పేరు రాసింది. ఉన్న చోటు దగ్గర ‘కలిరోయి ఇంటి గుమ్మం, కుడి పక్క’ అని రాసి వినిపించింది. కలిరోయి తల ఊపి, వెంటనే బ్రష్షు సున్నంలో ముంచింది. పాడె వచ్చేలోగా గోడంతా ఆరాలి. కింద నుంచి జోరుగా కొట్టుకుంటూ వచ్చి, పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“తిమో, కళ్లు మూసుకోవే” అని, కొట్టేసింది.