ఎండలో పెట్టిన మరచెంబు

నేను ఒక మరచెంబుని. ఇత్తడి ఒళ్ళు, తిప్పి బిగించే మూత, పట్టుకోడానికి ఒక కడియం. లోపల రెండు లీటర్లు పడుతుంది. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ హాని చేయలేదు. అలాంటి నా మీదికి, పోయిన ఏడాది మే నెలలో, ప్రాగ్ నగరం నడిబొడ్డున, పట్టపగలు పదకొండున్నరకి తుపాకీ గురిపెట్టారు. గురిపెట్టింది మనిషి కాదు. మనిషయితే కాస్త నయంగా ఉండేది.

నేను పుట్టింది తణుకు పక్కన అజ్జరంలో. నా మెడకి మర కోసిన వీరభద్రాచారి, మూత మూడుసార్లు బిగించి మూడుసార్లు విప్పి, "ఇందులోంచి గాలి కూడా పోదు" అన్నాడు. ఆ మాటకి పొంగిపోయాను. ఏ గొప్ప ఎప్పుడు కొంప ముంచుతుందో కంచరి కొలిమిలో ఎవరూ చెప్పరు.

మొదట ఒక రైల్వే గార్డు కొన్నాడు. సామర్లకోట నుంచి విజయవాడ దాకా కాచి చల్లార్చిన నీళ్ళు మోశాను. ఆయన బావమరిది నాటకాల్లో హార్మోనిస్టు. ఒకసారి వాడుకుని ఇస్తానని పట్టుకెళ్ళి పదకొండేళ్ళు ఉంచుకున్నాడు. ఆయన నాలో పోసింది నీళ్ళు కాదు. పక్కనే కూర్చున్న వాళ్ళావిడకి కూడా వాసన తెలియలేదంటే ఆ ఘనత నా మూతది. తర్వాత ఆ ఇంటి కోడలు నన్ను స్టీలు సామాన్ల బండివాడి తట్టలో పడేసి, బదులుగా రెండు గరిటెలు తీసుకుంది. అరవై ఏళ్ళ సర్వీసుకి రెండు గరిటెలు. నేను నోరు మెదపలేదు. మూత బిగించి ఉంది కదా.

ఆ తట్టలోంచి నన్ను బయటికి లాగిన చెయ్యి మాణిక్యాంబది. మండపేటలో పెళ్ళిళ్ళకి వంట చేసే మనిషి. తిరగేసి చూసి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంత మంచి అజ్జరం సరుకుని తట్టలో పడేశారా" అని బండివాడిని తిట్టి, పాత చీరలు రెండిచ్చి నన్ను తీసుకుంది. లోపల కళాయి పూయించింది. అప్పటినుంచి నా పని ఒక్కటే. ముందు రోజు పులిసిన పిండి కొంచెం నాలో దాచేది. కొత్తగా రుబ్బిన పిండిలో అది కలిపితేనే తెల్లారేసరికి పొంగుతుంది. నాలో ఉన్న పులుపు ఎన్నేళ్ళ నాటిదో మాణిక్యాంబకే తెలియదు.

తెలుగు భోజనం పెడతామని చెప్పుకునే ఒక ట్రావెల్స్ వాళ్ళు ఆమెని యూరప్ టూరుకి వంటమనిషిగా తీసుకెళ్ళారు. ముప్పై రెండు మంది యాత్రికులు, ఒక మేనేజరు, ఒక మాణిక్యాంబ, ఆమె సంచిలో నేను. ఆమె విమానం ఎక్కడం అదే మొదలు. నేనూ అంతే.

ప్రాగ్‌లో మొదటి ఉదయం ఇడ్లీలు పొంగలేదు. దామోదరంగారని రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఇడ్లీ తీసుకుని ప్లేటు అంచు మీద టకటకా కొట్టారు.

"మాణిక్యాంబగారూ, ఇవి ఇడ్లీలాండీ, ఈ ఊరి కోటగోడలోంచి ఊడదీసుకొచ్చారాండీ?"

బల్ల చుట్టూ నవ్వులు.

"చలికి పిండి పొంగలేదండి," అంది మాణిక్యాంబ.

"బ్రోచర్లో బొమ్మ చూసి మేం పొంగాం గదండీ. చాల్లెండి."

ఆమె ప్లేట్లు తీసేసింది. వంట పాత్రలు కడిగేసి, నా మూత విప్పి వాసన చూసింది. పిండి మంచులా ఉంది. పులుపు చచ్చిపోతే మిగిలిన పది రోజులూ అందరూ రాళ్ళే తినాలి. మూత గట్టిగా బిగించి, నన్ను తువ్వాల్లో చుట్టి, పైన పురికొసతో మూడు చుట్లు కట్టి, సంచిలో పెట్టుకుని అందరితో పాటు ఊరు చూడ్డానికి బయల్దేరింది.

సంచి అంచులోంచి నేను చూసిన ఊరు ఇది. రాళ్ళు పరిచిన పెద్ద చౌకు. చుట్టూ గులాబీ రంగు, పసుపు రంగు మేడలు. ఆకాశంలోకి గుచ్చినట్టు నల్లటి జంట గోపురాలు. ఒక పాత బురుజుకి ఇంటి గుమ్మమంత గడియారం. గంట కొట్టేవేళకి దాని కింద వెయ్యి మంది తలలెత్తి నిలబడ్డారు. గడియారం పక్కనున్న ఎముకల గూడు చెయ్యి కదిపి గంట తాడు లాగింది.

"ఓలమ్మో, చచ్చినోడు గంట కొడుతున్నాడేంటి," అని మాణిక్యాంబ రెండడుగులు వెనక్కి వేసింది.

అక్కడే ఆమెకి ఎండ కనిపించింది. చౌకు మధ్యలో ఉన్న విగ్రహం మెట్ల మీద మంచి ఎండ, మండపేట డాబా మీద పడే లాంటి ఎండ. ఇంటి దగ్గరైతే చలికాలంలో ఏం చేస్తుందో అదే చేసింది. నన్ను తువ్వాలుతో సహా తీసి మెట్టు మీద పెట్టింది. కదలకుండా చూసుకుని, గడియారంలో బొమ్మలు ఇంకా తిరుగుతున్నాయేమోనని జనంలోకి వెళ్ళింది. నాకు ఇరవై గజాల దూరం. ఆమె దృష్టిలో అది వంటింటికీ వసారాకీ ఉన్న దూరం.

ఎండ వెచ్చగా తగిలింది. నాలో పులుపు లేచింది. పావుగంటలో లోపల బుడగలు మొదలయ్యాయి. గాలి బయటికి పోవడానికి దారి వెతికి, ఇన్నేళ్ళకి కాస్త అరిగిన నా మర సందులోంచి సన్నగా రావడం మొదలుపెట్టింది. సుయ్ సుయ్ మని.

మెట్ల మీద కూర్చున్న ఒక జంట నా వంక చూసింది. తువ్వాలు, పురికొస, ఇత్తడి గొట్టం, చప్పుడు. వాళ్ళు లేచి పరిగెత్తారు. నన్ను చూసి మనిషి పారిపోవడం నా బతుకులో అదే మొదటిసారి. నమ్మండి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని నేను కూడా భయపడ్డాను.

ఇద్దరు పోలీసులొచ్చారు. వాళ్ళని చూసి మాణిక్యాంబ పరిగెత్తుకొచ్చింది. నా పిండి, నా పిండి అంటూ వచ్చింది. వాళ్ళు అడ్డు నిలబడ్డారు. కుర్ర పోలీసు నన్ను చూపించి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమెకి ఒక్క ముక్క మాత్రం అర్థమైంది.

"బాంబ్?"

మాణిక్యాంబ అదిరిపోయింది.

"ఆఁ... నో," అంది.

కుర్రవాడి మొహం తెల్లబోయింది. రెండోసారి అడిగాడు, మెల్లిగా, నా వైపు వేలు పెట్టి. "బాంబ్?"

"ఆఁ, నో. నో, నో, నో," అని ఆమె రెండు చేతులూ ఊపింది.

మరుక్షణం ఆమె చేతులు వీపు వెనక ఉన్నాయి, సంకెళ్ళలో. విజిళ్ళు. అరుపులు. వెయ్యి మంది జనం ఒక్కసారిగా కదిలిన చప్పుడు. కాఫీ బల్లలు పడిపోయాయి. రెండు నిమిషాల్లో అంత పెద్ద చౌకులో నేనొక్కదాన్నే మిగిలాను. దూరంగా, పోలీసులు జనానికి అడ్డంగా కట్టిన పట్టీ అవతల, మాణిక్యాంబ ఎర్ర చీర ఒక చుక్కలా కనిపించింది. ఎందుకు పట్టుకున్నారో ఆమెకి తెలియదు. నాకూ తెలియదు. కాదని చెప్పింది కదా, అన్నిసార్లు చెప్పింది కదా.

అప్పుడు వచ్చింది యంత్రం. రబ్బరు పట్టాల మీద, కొడిగట్టిన దీపంలా ఒక్క కన్నుతో, ముందుకి చాచిన గొట్టంతో. నీటిని తుపాకీ గుండంత జోరుగా కొట్టి అనుమానం ఉన్న వస్తువుని ముక్కలు చేస్తుందట. అప్పటికి నాకా సంగతి తెలియదు. గొట్టం నా పొట్ట వైపు తిరగడం మాత్రం చూశాను. నాలో గాలి ఇంకా గట్టిగా సుయ్ మంది. ఆపుకోడం నా చేతిలో లేదు.

ఆ సమయంలో పట్టీ దగ్గర జరిగింది నేను తర్వాత స్టేషన్లో విన్నాను. మేనేజరు ఆనందమోహన్ రొప్పుతూ వచ్చాడు. నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళకి టూర్లు తెస్తున్న కుర్రాడు.

"ఏం చేశారు పిన్నిగారూ? బాంబు పెట్టానని ఒప్పుకున్నారంటున్నారు వీళ్ళు."

"నేనా? నో అని మొత్తుకుంటుంటే."

"ఎలా అన్నారు? సరిగ్గా చెప్పండి."

"ఆఁ, నో, అన్నాను బాబూ."

ఆనందమోహన్ తల పట్టుకున్నాడు. "ఈ దేశంలో ఆనో అంటే అవును, పిన్నిగారూ. ఉత్త నో అన్నా ఊఁ అన్నట్టే. మీరు పదిసార్లు ఒప్పుకున్నారు. ఇది రుజువైతే జైలే, నా మాట కూడా వినరు."

"మరి కాదనాలంటే ఏమనాలి?"

"నే అనాలి."

మాణిక్యాంబ అతని మొహంలోకి చూసింది. "నే అంటే నేనని కదా అర్థం. నేనే చేశానని నా నోటితో చెప్పుకోమంటావా?"

"మన ఊళ్ళో అండి అది. ఇక్కడ అదొక్కటే మిమ్మల్ని కాపాడేది. అనండి."

ఆ కేక చౌకు ఇవతలికి నాకు కూడా వినిపించింది. "నే! నే! బాంబ్, నే!" గోపురాల మీది పావురాలు లేచాయి. ఒక ఆడమనిషి అంత గట్టిగా నేరం ఒప్పుకోవడం నేనెక్కడా వినలేదు. నా ఇత్తడి చల్లబడింది. అయిపోయింది, అనుకున్నాను.

యంత్రం ఆగింది.

పట్టీ అవతలి నుంచి దిండ్లు కుట్టినట్టున్న పెద్ద కవచం తొడుక్కుని ఒకాయన నడిచి వచ్చాడు. బాంబులు విప్పే పనిలో ముసలివాడైన కారెల్. మోకాళ్ళ మీద కూర్చుని, పురికొస కోసి, తువ్వాలు విప్పి, నా మెడ మీద చెయ్యి వేశాడు. వీరభద్రాచారి తర్వాత నా మూతని అంత జాగ్రత్తగా తిప్పింది ఆయనొక్కడే. ఒక చుట్టు. రెండు చుట్లు. మూడో చుట్టుకి నేను ఆగలేకపోయాను.

డబ్ మంది. మూత ఆయన చేతిలోంచి ఎగిరింది. తెల్లటి పిండి నురగ ఆయన గాజు ముసుగు మీద, గుండె మీద, మెట్ల మీద పడింది. దూరంగా ముప్పై రెండు మంది తెలుగువాళ్ళు ఒకేసారి రామా అన్నారు.

కారెల్ కదల్లేదు. కొంతసేపటికి ముసుగు పైకెత్తాడు. చేతి తొడుగు తీసి, వేలితో కొంచెం తీసుకుని వాసన చూశాడు. ఆ దేశం రొట్టె పులిసిన పిండితో చేస్తారు. ఇళ్ళలో ఆ వాసన తెలియనివాళ్ళు తక్కువ. ఆయన భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. వెనక్కి తిరిగి ఒక్క మాట కేకేశాడు. దానికి అర్థం రొట్టెల పిండి అట.

స్టేషన్లో సంకెళ్ళు తీశారు. కాఫీ ఇచ్చారు. మాణిక్యాంబ తాగలేదు. కుర్ర పోలీసు మొహం ఎర్రగా చేసుకుని కాగితం రాశాడు. మనిషి వెళ్ళొచ్చు, వస్తువు మాత్రం ఫైలు మూసేదాకా ఇక్కడే ఉండాలి. మూడు గంటలకి వియన్నా బస్సు.

"ఎన్నాళ్ళు?" అని అడిగింది మాణిక్యాంబ.

"రెండు నెలలు పట్టొచ్చంటున్నాడు, పిన్నిగారూ. మీరు బయటపడ్డారు, అదే పదివేలు. చెంబుదేముంది."

"చెంబు కాదు. మరచెంబు," అంది ఆమె.

కారెల్‌కి ఏం అర్థమైందో తెలియదు. కీరకాయలు ఊరవేసిన ఖాళీ సీసా ఒకటి కడిగి తెచ్చి, నాలో మిగిలిన పిండి అందులోకి వంచి ఆమె చేతికిచ్చాడు. తర్వాత కాగితం తీసుకుని చదివాడు. ఇత్తడి పాత్ర, ఒకటి, అని ఉంది. మూత బల్ల మీద విడిగా పడి ఉంది. దాని గురించి కాగితంలో ఏమీ లేదు. ఆయన కాగితాన్ని, మూతని మార్చి మార్చి చూశాడు. మెల్లిగా మూతని ఆమె వైపు తోశాడు.

మాణిక్యాంబ దాన్ని కొంగులో చుట్టుకుంది. నా కడియం ఒకసారి పట్టుకుని, వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్ళింది. వెనక్కి చూస్తే ఎక్కడ బస్సు దాటిపోతుందోనని.

రెండు నెలలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు నేను బాంబులు విప్పేవాళ్ళ శిక్షణ పాఠశాలలో ఒక గాజు బీరువాలో ఉన్నాను. నా ఎడమ పక్క నిజం బాంబు ఒకటి, మందు తీసేసింది. కుడి పక్క ఇంకొకటి. కొత్తగా చేరినవాళ్ళు వరసగా వచ్చి మా ముగ్గురినీ ఒకే చూపుతో చూసి రాసుకుంటారు. అవి రెండూ నోరు గట్టిగా మూసుకుని ఉంటాయి, ఆ జాతి అంతే. నా మూత మండపేటలో ఉంది. నేను ఇక్కడ, మొదటిసారి ఈ ఊరు చూసిన మనిషిలా, నోరు తెరుచుకునే ఉన్నాను.