గట్లాంటిదే ఇంకోటి

చండ్రుగొండ పక్కన బసవపున్నయ్య మిరప కల్లంలో ఆ సీజనంతా ఒక ఒప్పందం నడిచింది. ఆడవాళ్లందరూ ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరాలి, పుష్ప మాత్రం నవల చదివి వినిపించాలి. ఆమె వంతు కుప్పను మిగతావాళ్లు పంచుకుంటారు. పుష్పకు ఇంతకంటే ఏం కావాలి? కాయ ముట్టుకుంటే చాలు, ఆమె చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. బిడ్డకు అన్నం కలిపి పెట్టడానికి కూడా పనికిరావు.

చదివింది బీడీల తునికాకు కోసే పిల్ల కథ. అది కాస్తా అయిపోయింది.

"గట్లాంటిదే ఇంకోటి తే," అన్నది సవరమ్మ. అందరిలో పెద్దది, కల్లంలో ఆమె మాటే చెల్లుతుంది.

పుష్ప లైబ్రరీకి పోయి, అట్ట మీద ఆకుల మోపు మోస్తున్న పిల్ల బొమ్మ చూసి ఒక పుస్తకం పట్టుకొచ్చింది. మర్నాడు కల్లంలో చదివితే, ఆ బొమ్మలోని పిల్ల నాలుగు పేజీలు తిరక్కుండానే బంగళాలో చేరి ఏడుపు మొదలుపెట్టింది. ఇక ఆపితే ఒట్టు.

"ఏడ్వటానికి పుస్తకమెందుకే? మిరపకాయ చాలదా?" అన్నది సవరమ్మ. "రేపు మంచిది తెస్తే తే. లేకుంటే మా పక్కన కూసోని ఏరు."

సాయంత్రం పుష్ప మళ్లీ లైబ్రరీ నడిపే జోయెల్ ముందు నిలబడింది.

"ఏం నచ్చింది మీవోళ్లకు ఆ తునికాకు కథల?" అని అడిగాడు అతను.

"మంగ్లేమో అడవి బాగుందంటది. సవరమ్మ పెద్దమ్మేమో ఆ పిల్ల అత్తను తిట్టుడు బాగుందంటది. నాకైతే చేతులు మండకుంటే చాలన్నా."

జోయెల్ నవ్వాడు. "నచ్చిందేందో అడిగితే ఎవ్వరూ సరిగ చెప్పరు చెల్లే. నువ్వు చదివేటప్పుడు వాళ్ల చేతులు ఎక్కడ ఆగినయో చెప్పు."

పుష్ప గుర్తు చేసుకుంది. అడవి వర్ణన వచ్చినప్పుడు చేతులు ఇంకా జోరుగా ఆడాయి. అత్తను తిట్టినచోట నవ్వారు గానీ ఏరుతూనే నవ్వారు. ఆగింది ఒక్కచోటే. కట్టలు చిన్నగున్నాయని కాంట్రాక్టరు మనిషి విసిరికొడితే, ఆ పిల్ల ఆకులు అతని ఒళ్లో పోసి "నువ్వే కట్టి చూపియ్" అన్నచోట.

జోయెల్ లోపలికి పోయి అట్ట ఊడిన పుస్తకం తెచ్చాడు. చేపలమ్ముకునే ఆడమనిషి కథ.

"సముద్రమా? మావోళ్లు గోదారి తప్ప చూసింది లేదన్నా."

"చదువు, తెలుస్తది."

మర్నాడు పుష్ప భయంభయంగానే మొదలుపెట్టింది. పడవలు వచ్చాయి, వలలు వచ్చాయి. చేతులు ఆడుతూనే ఉన్నాయి. మంగ్లి ఆవులించింది. సవరమ్మ కొన్ని కాయలు పుష్ప వైపు నెట్టింది కూడా. పుష్ప పేజీ తిప్పింది.

దళారి చేప మొప్పలు ఎత్తి చూసి, కుళ్లిందని సగం ధర చెప్పాడు. ఆ ఆడమనిషి గంప అతని నెత్తిన పెట్టి, "కుళ్లిందాన్ని కొంటనంటున్నవంటే నీ ముక్కుకేదో రోగముంది, దవాఖానాకు పో" అంది.

కల్లంలో కాయల గలగల ఆగిపోయింది.

"ఏందమ్మా, పని బంద్ చేసిండ్రు?" అంటూ బసవపున్నయ్య వచ్చాడు.

"జర కూసో పెదనాన్నా," అన్నది మంగ్లి. "దళారితోటి నీ సంగతే నడుస్తంది."

సవరమ్మ ఇందాక నెట్టిన కాయల్ని రెండు చేతులా తన వైపు లాక్కుంది. "ఆపినవేందే? ఆ దళారిగాడు ఏమన్నడు?"