అబీలియో నిక్కరు

అరబ్బు ఊరు బుసైతీన్‌లోని ఆ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో ఆటగాళ్ల బట్టలు ఉతికేది నర్సింగ్. అందరివీ మిషన్‌లో పడేవి. అబీలియో నిక్కరు మాత్రం ముందు చేతికి రావాల్సిందే. బ్రష్షు పెట్టి తోమితే గాని పచ్చిక పసరు వదిలేది కాదు. ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే నేలమీద జారి కాలు అడ్డం పెట్టడమే ఆ పోర్చుగల్ మనిషి పని. చిన్న రేవు ఊళ్లో మొదలుపెట్టి, సైప్రస్, రొమేనియా తిరిగి, కణతలు నెరిశాక ఇక్కడికి చేరాడు.

ఈ చలికాలం నుంచి ఆ నిక్కరు శుభ్రంగా వస్తోంది.

మైదానానికి నీళ్లు పట్టే లచ్చన్న నవ్వాడు. "నీకు పని తప్పింది గదరా. మొకం గట్ల వెట్టినవేంది?"

"ఆయన మోకాలు పోయిందే అన్నా."

"నీకెవలు చెప్పిన్రు?"

నర్సింగ్ నిక్కరు ఎత్తి చూపించాడు. లచ్చన్న నవ్వు ఆగింది. "కోచ్‌కు తెలిస్తే ఖలాస్. ఇగ ఇంటికే."

"అందుకే నోరు మూస్కో."

ఇంకో ఏడాది ఉంచుకునేదీ లేనిదీ ఆఖరి మ్యాచ్ చూసి చెబుతానన్నాడు కోచ్. ఇక్కడ వద్దంటే అబీలియోను పిలిచే క్లబ్బు ఎక్కడా లేదు. ఆ సంగతి అతనే చెప్పుకున్నాడు. మ్యాచ్ రోజు బట్టలందుకుంటూ, తనకొచ్చిన హిందీ ముక్కలతో నవ్వబోయాడు.

"ఈమధ్య నీకు పని తక్కువ కదా, నర్సీ భాయ్?"

నర్సింగ్ తల వంచుకున్నాడు. అతనికి తానుగా ఏదీ చెప్పి ఎరగడు. "ఇవాళ జారకు భాయ్" అన్నాడు.

అబీలియో మోకాలికి పట్టీ బిగించాడు. "చిన్నప్పుడు మా అమ్మ రేవు దగ్గర తొట్లో నా నిక్కర్లు ఉతికేది. తెల్లగా తెస్తే, ఆడావా, కూర్చుని చూశావా అని తిట్టేది."

ఆట ముగియవస్తుండగా ఎదుటి జట్టు కుర్రవాడు ఒంటరిగా బంతితో గోలు వైపు పరుగెత్తాడు. అబీలియో వెనకబడ్డాడు. గీత అవతల నిలబడ్డ నర్సింగ్ లోలోపలే, పోనియ్యి, పోనియ్యి అనుకున్నాడు.

అబీలియో జారాడు. బంతి పక్కకు పోయింది. జనమంతా లేచి అరిచారు. అతనొక్కడే లేవలేదు.

కోచ్ చెప్పాల్సిన మాట చెప్పకుండానే తేలిపోయింది.

కొన్నాళ్లకు అబీలియో సామాను తీసుకుపోవడానికి ఊతకర్రల మీద వచ్చాడు. నర్సింగ్ ఒక సంచి అందించాడు. లోపల ఆనాటి నిక్కరు. ఆస్పత్రిలో కత్తెరతో నడుందాకా చీల్చారు. ఒక పక్కంతా పసరూ మట్టీ ఎండి అట్ట కట్టింది.

"ఉతకలేదు భాయ్. అట్లాగే ఉంచాను."

అబీలియో దాన్ని చాలాసేపు చేతుల్లో పట్టుకున్నాడు. తర్వాత తిరిగి ఇచ్చేశాడు.

"ఉతుకు. ఎంత తిట్టినా మా అమ్మ ఉతక్కుండా ఏనాడూ ఉంచలేదు."

నర్సింగ్ మిషన్ వైపు పోలేదు. తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాడు. అబీలియో బోర్లించిన బకెట్టు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. చీలిన గుడ్డ ఇంకా చీలకుండా నర్సింగ్ అరచేత్తోనే రుద్దాడు. నీళ్లు మొదట పచ్చగా పోయాయి, ఆపైన మట్టిరంగుకు తిరిగాయి.

బయట డ్రైవర్ షఫీఖ్ హారన్ కొట్టాడు. "యల్లా, పద భాయ్, ఫ్లైట్ టైమైంది!"

అబీలియో కదల్లేదు. నర్సింగ్ తలెత్తలేదు. నీళ్లింకా తేటపడలేదు.