కెమెరా వెనకాల మామ్‌గీ

ఓట్స్ గంజిలో గరిటె తిప్పుతూనే నెరిస్ ఎడమచేత్తో టాబ్లెట్‌ని పాలసీసాకి ఆనించి నిలబెట్టి, సినిమా మొదలుపెట్టింది. నాలుగు నిమిషాల సినిమా అది. ఎర్ర గేటు, గేటు దాటితే మెట్లు, మెట్ల మీద ఒక ముసలి కుక్క, తరవాత వంటగది, పసుపు దుప్పటి పరిచిన చిన్న మంచం. చివర్లో ఆ ఇంటి దంపతులు రియాన్, స్టెఫాన్ మంచం మీద పక్కపక్కనే కూచుని, "నీకోసమే చూస్తున్నాం గ్వెన్నో!" అని చేతులూపుతారు. స్టెఫాన్ మాత్రం మాట పూర్తికాకముందే ఊపేస్తాడు.

మూడున్నరేళ్ళ గ్వెన్నోకి సినిమా అంతా కంఠతా వచ్చేసింది.

"ఇప్పుడు కుక్క దగ్గుతుంది చూడు మామ్‌గీ."

కుక్క దగ్గింది.

"దానికి స్వెటర్ లేదు. అందుకే."

"నువ్వెళ్ళి తొడుగుదువుగానిలే. ముందు గంజి తాగు."

అమ్మమ్మని మా వైపు మామ్‌గీ అంటారు. నిజానికి నెరిస్ ఎవరికీ అమ్మమ్మ కాదు. అమ్మా కాదు. అరవై రెండేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి పెళ్ళి ఉంగరం ఇక బయటికి రాదు. తల్లిదండ్రుల దగ్గర ఉండే వీల్లేని పసివాళ్ళని, పిల్లల సంక్షేమం చూసే కౌన్సిల్ వాళ్ళు తీసుకొచ్చి ఆమె ఇంట్లో దింపుతారు. దత్తత తీసుకునేవాళ్ళు దొరికేదాకా పెంచి, దొరికాక అప్పగించాలి. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. భర్త గెథిన్ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ చేశారు. అతను పోయాక ఈ ఆరేళ్ళూ ఆమె ఒక్కతే చేస్తోంది. పద్ధెనిమిదిమందిని పంపింది. గ్వెన్నో పంతొమ్మిదో పిల్ల. ఇవాళే వెళ్ళిపోతుంది.

పెంచడం కష్టమని అందరూ అంటారు గానీ, అసలు కష్టం ఈ సినిమా వెయ్యడంలో ఉంది. దత్తత తీసుకోబోయేవాళ్ళు తమ ఇంటినీ తమనీ చూపిస్తూ చిన్న సినిమా తీసి పంపుతారు. వాళ్ళు రాకముందే పిల్లకి వాళ్ళు అలవాటైపోవాలి. అందుకని రోజూ మూడుపూటలా వెయ్యాలి, వేసిన ప్రతిసారీ మొహం నిండా సంబరం ఉండాలి. తనని అంటిపెట్టుకున్న పిల్లకి వేరే వాళ్ళ మీద ప్రేమ పుట్టించడం నెరిస్ ఉద్యోగం. ఆ పని ఆమెకి బాగా వచ్చు. వచ్చినందుకు ఒక్కోసారి తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

గంజి అయ్యాక బట్టలు ఉతకడానికి వేసింది. పిల్ల కప్పుకునే నీలం దుప్పటి మాత్రం పక్కన పెట్టింది. ఉతికితే ఇంటి వాసన పోతుంది, కొత్తచోట పిల్లకి నిద్రపట్టదు. తను వాడే సబ్బుపొడి పేరు కూడా రియాన్‌కి ముందే రాసిచ్చింది. పిల్లని మచ్చిక చేసుకోడానికి వాళ్ళు రోజూ రావడం మొదలైన అయిదో రోజున రియాన్ వచ్చి కౌగిలించుకుంటే, ఆమె కోటులోంచి నెరిస్ ఇంటి వాసనే గుప్పుమంది. "మంచిపని చేశావమ్మా," అంది నెరిస్. అన్నదే గానీ, ఆ సాయంత్రం శుభ్రంగా ఉన్న వంటింటినే రెండుసార్లు తుడిచింది.

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడవతల నుంచి మోర్విద్ తల పైకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా పక్కింటి మనిషి, నోటికి గొళ్ళెం లేదు.

"ఇవాళేనా? ఈ ఒక్కదాన్నీ ఉంచేసుకోకూడదుటే? నీకు మాత్రం ఎవరున్నారని?"

"ఉంచుకుని? దాని పెళ్ళినాటికి నన్ను ఫోటో కట్టించి గోడకి పెట్టుకోవాలి."

"నీకు ఫోటో కూడానా! నువ్వు తీసిన వాటిల్లో నీ వేలు తప్ప ఏం కనపడుద్దీ?"

నెరిస్ నవ్వేసి తడి తువ్వాలు దులిపింది. ఆ మాట మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది.

ఎందుకంటే మొన్న రియాన్ కూడా అదే అంది. వెళ్ళే ప్రతి పిల్లకీ నెరిస్ ఒక సినిమా తీసిస్తుంది. ఇక్కడ గడిపిన కాలం పిల్లకి గుర్తుండాలి కదా! గ్వెన్నోది పదకొండు నిమిషాలొచ్చింది. ఇసుకలో మొదటి అడుగులు, ఆటలమ్మ పోసి ఒళ్ళంతా గులాబీరంగు మందు పూసుకున్న రోజు, సముద్రపు కాకి రొట్టె లాక్కుపోతే దాన్ని తిట్టిన తిట్లు. రియాన్ అంతా చూసి, "మీరెక్కడా?" అంది.

"తీసింది నేనే కదమ్మా."

"అది కాదండీ. ఇక్కడ అడుగులేస్తూ నవ్వుతోంది కదా, ఎవర్ని చూసి నవ్వుతోంది? పదేళ్ళొచ్చాక నన్నడుగుతుంది. అప్పుడు నేనేం చూపించను?"

"సముద్రం చూపించు," అని నెరిస్ లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

మొదటి పిల్లాడు ఇయోలో సినిమాలో నెరిస్ ఉంది. వీడియో క్యాసెట్ల రోజులవి. గెథిన్ తీశాడు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆమె పాడుతుంటే వాడు ఆమె ముక్కు పట్టుకుని లాగుతాడు. వాడు వెళ్ళిన మూడు నెలలకి వాళ్ళ కొత్తమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పిల్లాడు టీవీకి అతుక్కుపోయి అద్దం మీద మీ మొహాన్ని ముద్దుపెట్టుకుంటున్నాడు, అన్నం ముట్టడంలేదు, దయచేసి మీరు లేని సినిమా పంపండి అని రాసింది. ఆమె తప్పేం లేదు. నెరిస్ తనని తాను కత్తిరించేసుకుని ఇంకోటి పంపింది. అప్పట్నుంచి పదిహేడుమంది సినిమాల్లో ఆమె ఎక్కడా లేదు. వాళ్ళలో ఎవరైనా రేపు వీధిలో ఎదురొచ్చినా ఆమెని గుర్తుపట్టడానికి ఆధారమంటూ లేదు. తనకి అదే సుఖమని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చింది.

మధ్యాహ్నం భోజనం అయ్యీ కాకముందే కారొచ్చేసింది. చెప్పిన టైముకి పావుగంట ముందే. "రోడ్డు ఖాళీగా ఉందండీ," అన్నాడు స్టెఫాన్, తప్పుచేసినవాడిలా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దుప్పటి సంచీని రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పగింత పది నిమిషాలు దాటకూడదని కౌన్సిల్ వాళ్ళు చెబుతారు. ఇంకో నియమం కూడా ఉంది. గుమ్మంలో నవ్వుతూ నిలబడాలి. వెళ్ళొచ్చో లేదో పిల్ల తనని పెంచిన మనిషి మొహం చూసి తెలుసుకుంటుంది. ఏడవాలంటే కారు పోస్టుడబ్బా మలుపు తిరిగాక ఏడవాలి.

నెరిస్ మోకాళ్ళు నొప్పెడుతున్నా కిందికి వంగి పిల్ల కోటు గుండీలు పెట్టింది.

"నువ్వు రావా మామ్‌గీ?"

"రాను బంగారం. నాది ఈ ఇల్లు. నీది ఎర్రగేటు ఇల్లు."

"కుక్క దగ్గుతుంది కదా."

"అదే మరి. నువ్వెళ్ళి చూసుకోవాలి."

గ్వెన్నో ఆమె మొహంలోకి చూసింది, చాలాసేపు. నెరిస్ నవ్వింది. పద్ధెనిమిదిసార్లు నవ్విన నవ్వే గనక తడబడలేదు. పిల్ల స్టెఫాన్ వేలు పట్టుకుని కారెక్కింది, ఏడవలేదు.

కారు కదలబోతుండగా రియాన్ కిటికీ దించి ఫోను పైకెత్తింది. అది తనవైపే ఎత్తిందని నెరిస్‌కి కాస్త ఆలస్యంగా అర్థమైంది. అలవాటుకొద్దీ ఒక కాలు గుమ్మం వెనక్కి పోయింది. ఈ పిల్ల కూడా అద్దాన్ని ముద్దుపెట్టుకుంటుంది, ఈ పిల్ల కూడా అన్నం మానేస్తుంది అని భయమేసింది. ఆ భయం కిందే ఇంకోటి కూడా ఉంది. ఇరవయ్యారేళ్ళలో తనలో తను కూడా అనుకోని మాట. నన్ను మరిచిపోకే తల్లీ, అనుకుంది నెరిస్.

కాలు ముందుకొచ్చింది. ఏప్రన్‌తోనే, రేగిన జుట్టుతోనే ఆమె మెట్లు దిగి కాలిబాట మీదికొచ్చి, చెయ్యి బాగా పైకెత్తి ఊపింది. కారు చిన్నదవుతున్నా ఊపుతూనే ఉంది. ఫోను కిటికీలోంచి లోపలికి పోలేదు. పోస్టుడబ్బా దగ్గర కారు మలుపు తిరిగింది. మోర్విద్ తన కిటికీ తెరని మెల్లగా వదిలేసింది.

లోపలికొచ్చి నెరిస్ బల్ల తుడవబోయింది. గుడ్డు నిలబెట్టుకుని తినే గ్వెన్నో చిన్నకప్పులో ఉడికించిన గుడ్డు ముట్టనట్టే ఉంది, నున్నగా, నిండుగా. పిల్లని ఆకలితో పంపించానా అని గాభరాపడి చెంచాతో తట్టింది. డొల్లగా మోగింది. పైన పగలగొట్టి లోపలిదంతా చెంచాతో తినేసి, ఖాళీ పెంకుని తలకిందులుగా నిలబెట్టింది, దొంగపిల్ల. గుడ్డు చేసిన రోజల్లా ఇదే నాటకం. నెరిస్ గుండె బాదుకుని మోసపోవాలి, పిల్ల కుర్చీలో ఎగిరెగిరి నవ్వాలి. ఇవాళ కారు ముందే రావడంతో నెరిస్ వంతు రానేలేదు.

"అయ్యయ్యో, గుడ్డు ముట్టనేలేదే పిల్ల!" అంది నెరిస్ గట్టిగా, ఎప్పుడూ అనే గొంతుతోనే. అని, కుర్చీ లాక్కుని కూలబడి ఏడ్చింది.

చాలాసేపటికి లేచి పళ్ళేలన్నీ కడిగింది గానీ దాన్ని మాత్రం తియ్యలేదు. నెత్తిన చెంచా దెబ్బతో చిన్న నొక్కు పడ్డ ఆ పెంకు, కప్పులో నిండు గుడ్డులాగే నిలబడి ఉంది.