ఎనిమిది రోజుల తండ్రి

నౌసోన్ గ్రీకు దీవి ఐగినా రేవులో దిగి ఇంటికి వచ్చేసరికి తండ్రి హగ్నోన్ గడపకు అడ్డంగా చేతికర్ర పెట్టాడు.

"లోపలికి రాకు. నీకు కర్మ చేసేశాం."

"చేస్తే చేశారు. బతికే వచ్చాను కదా నాన్నా."

"నాకూ కళ్లున్నాయిరా. మూడో రోజు, తొమ్మిదో రోజు, ముప్పయ్యో రోజు, ఏదీ వదల్లేదు. రాతి మీద పేరు కూడా చెక్కించాం. ఇప్పుడు నువ్వు పొయ్యి దగ్గరికొస్తే ఇల్లంతా మైల."

రెండేళ్ల క్రితం క్రీటు దగ్గర ఓడ మునిగింది. అందరూ పోయారని రేవులో ఎవరో చెప్పారు, ఇంట్లో నమ్మారు. నౌసోన్‌ను వేరే ఓడవాళ్లు పైకి లాగి ఈజిప్టులో దింపారు. అక్కడ బస్తాలు మోసి, ఓడలు మారి వచ్చాడు. కూతురు మెలిత్త పెళ్లి ఈ పున్నమికేనని దారిలో తెలిసింది. ఆమె చేతిని వరుడి చేతిలో తానే పెట్టాలని, చివరి రెండు రేవుల్లో నిద్ర కూడా పోలేదు.

దీనికి విరుగుడు ఉంది. కర్మ జరిగాక తిరిగొచ్చినవాడు మళ్లీ పుట్టాలి. మంత్రసాని బిత్తోను పిలిచారు.

"రేపు పుట్టిస్తాను. ఐదో రోజు పొయ్యి చుట్టూ తిప్పుతాం. పదో రోజు పేరు పెడతాం" అంది ఆమె.

"పెళ్లి ఎనిమిదో రోజు" అన్నాడు నౌసోన్.

"అయితే?"

"పేరు కాస్త ముందు పెట్టకూడదా?"

"పిల్లను ఇచ్చేవాడు ఫలానావాణ్ణి నేను ఇస్తున్నానని చెప్పాలి. పేరు లేనివాడివి ఏమని చెప్తావు?"

"నలభై ఏళ్లుగా నౌసోన్‌నే కదమ్మా."

"ఆ పేరు రాయి మీదుంది. వెళ్లి దాన్నడుగు."

మర్నాడు పెరట్లో స్నానం చేయించి, మెడ నుంచి మడమల దాకా గుడ్డలు చుట్టారు. ఒక బాలింత వచ్చి పాలు పట్టింది. నౌసోన్ కళ్లు మూసుకుని తాగాడు. గడ్డం గుచ్చుకుంటోందని ఆమె తిట్టింది. ఐదో రోజు అతన్ని ఎత్తుకుని పొయ్యి చుట్టూ పరుగెత్తడానికి నలుగురు కావలసి వచ్చారు. రెండుసార్లు కింద పడేశారు.

"పసివాడు ఏడవాలి" అంది బిత్తో.

"ఏడుపే వస్తోంది" అన్నాడు నౌసోన్.

ఎనిమిదో రోజున, చుట్టాలు వచ్చాక, ఇంకో చిక్కు వచ్చింది. పెళ్లిలో చేటతో రొట్టెలు పంచే పిల్లవాడికి తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉండాలి. అనుకున్న పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు. తండ్రులు యుద్ధంలో పోయాక ఆ వీధిలో అలాంటి పిల్లలు మిగల్లేదు.

బిత్తో నౌసోన్ వైపు చూసింది.

"వద్దు" అన్నాడతను.

"హగ్నోన్, నువ్వున్నావు. నీ భార్య అదిగో, వంటింట్లో అరుస్తోంది. పిల్లవాడు ఈ ఇంటివాడే, పొయ్యి చుట్టూ తిప్పాం. ఇంకేం కావాలి?"

"పిల్లను ఇవ్వడానికి మాత్రం పనికిరానా?"

"దానికి పేరు కావాలన్నాను కదా. రొట్టెకు అక్కర్లేదు."

కాళ్ల కట్లు విప్పారు. చేట పట్టే పిల్లవాడికి ఆనవాయితీగా పెట్టే ముళ్ల కిరీటం అతని తలకు చాలలేదు. అయినా బిత్తో నొక్కి పెట్టింది. హగ్నోన్ తన పేరు చెప్పి, మనవరాలి చేతిని వరుడి చేతిలో పెట్టాడు. నౌసోన్ చేట పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వరుస తిరిగాడు. చుట్టాలు నవ్వు ఆపుకుంటూ రొట్టెలు తీసుకున్నారు.

మెలిత్త ముసుగు కొంచెం ఎత్తి రొట్టె తీసుకుంది. రెండో చేత్తో చేట అంచు పట్టుకుంది. వదల్లేదు. బయట బండి దగ్గర వరుడి మనుషులు పిలుస్తున్నారు.

"కదులు బాబూ, వాళ్లు కాచుకున్నారు" అంది బిత్తో.

"ఎనిమిది రోజుల పిల్లవాణ్ణి. నాకింకా నడక రాలేదు" అన్నాడు నౌసోన్.