రత్నమాల పేరున ఓ మందుచీటీ

"డాక్టరెందుకే? ఇంట్లో చీటీ ఉంది కదా!" అన్నాడు వీరబాబు భార్య రత్నమాలతో, టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.

ఉన్నమాట నిజమే. మూడేళ్ళ కిందట ఆయనగారికి నడుం పట్టేసినప్పుడు డాక్టరు రాసిన చీటీ. చిరిగిపోతుందని లామినేషన్ చేయించి మరీ దాచాడు మహానుభావుడు. ఆత్రేయపురంలో వాళ్ళ వీధిలో పూతరేకులు తీసే ఆడవాళ్ళందరికీ అదే దిక్కు. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగీ లాగీ ఎవరి మణికట్టు వాచినా, ఆ అట్టముక్క పట్టుకుని మందుల షాపుకి వెళ్ళడమే. చీటీ మీద పేరు వీరబాబుది, నడుంనొప్పి వీరబాబుది, మింగేది మాత్రం ఆడవాళ్ళు. రత్నమాలకి ఇన్నాళ్ళూ అందులో వింతేమీ కనబడలేదు. కరెంటు మీటరు నుంచి తను చేసిన పూతరేకుల డబ్బా మీద లేబులు దాకా అన్నీ ఆయన పేరునే ఉంటే, నొప్పి ఒక్కటీ తన పేరున ఎందుకుంటుంది?

కానీ ఆ పొద్దున్న కుడిచేత్తో చీర కుచ్చిళ్ళు కూడా దోపుకోలేకపోయింది. ఈ చెయ్యి పడిపోతే తన గతేమిటని మొదటిసారి భయం వేసింది. చీటీ తీసుకుని షాపుకి వెళితే, కొత్తగా చేరిన కళ్యాణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీరబాబుగారంటే ఎవరండీ?"

"మా ఆయనండీ."

"నొప్పి ఆయనకాండీ?"

"నాకేనండీ."

"అయితే ఇవ్వకూడదండీ. ఒకరికి రాసింది ఇంకొకరు వాడకూడదు. పైగా ఎప్పటిదో ఇది. మీరు చూపించుకుని, మీ పేరున రాయించుకు రండి, ఇస్తాను."

రత్నమాలకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళితే మళ్ళీ పొయ్యి ముందు కూలబడటం ఖాయమని, అట్నుంచి అటే కొత్తపేట బస్సెక్కేసింది. కిటికీ పక్క సీటు దొరికింది. గంటసేపు ఎవరూ మంచినీళ్ళు అడగలేదు. నొప్పిగా ఉన్నా హాయిగానే ఉంది.

గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరమ్మ మణికట్టు నొక్కి చూసింది. ఎన్నాళ్ళనుంచి, కడుపులో మంట ఉందా, ఇంకేం మందులు వాడుతున్నావు అని వరసపెట్టి అడిగింది. పెళ్ళిచూపుల్లో కూడా తన గురించి ఇన్ని ప్రశ్నలు ఎవరూ వెయ్యలేదు. బీపీ ఎక్కువుందని తేలింది. ఆవకాయ వల్ల అనుకున్న కడుపుమంట కూడా ఇన్నాళ్ళూ మింగిన వీరబాబు చీటీ మాత్రల పనే అయ్యుండొచ్చట.

"ఆయనకి పడ్డ మందు నీకు పడాలని ఎక్కడుందమ్మా?" అంటూ అవి మానిపించి, వాపుకి పైపూత మందు, భోజనం చేశాక వేసుకోవడానికి వేరే మాత్రలు ఐదురోజులకి రాసింది. బీపీ చూపించుకోవడానికి వచ్చే వారం మళ్ళీ రమ్మంది.

తిరిగొస్తూ షాపులో చీటీ ఇస్తే, కళ్యాణి మందులు తీసి ఒక్కొక్కటీ ఎలా వాడాలో తెలుగులో రాసిచ్చింది. చివరి వరస దగ్గర ఆగింది.

"కుడిచేతికి పదిహేను రోజులు విశ్రాంతి అని రాసేరండీ. ఇది మా షాపులో దొరకదు. ఇంట్లోనే అడగాలి," అంది నవ్వుతూ.

రత్నమాల ఇంటికొచ్చేసరికి పొయ్యి చల్లారి ఉంది. వీరబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళిపోయేవు? రేపటి ఆర్డరు సంగతేంటి?"

"పదిహేను రోజులు ఆర్డర్లు ఒప్పుకోకండి. తప్పదంటే మీరే రేకు తియ్యండి, నేను నేర్పుతాను." గొంతు పెంచకుండానే అనేసి, చీటీ ఆయన చేతిలో పెట్టింది. పైన తన పేరు కనబడేట్టు పెట్టింది.

వీరబాబు చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఆయ్, అలాగే," అన్నాడు చివరికి. ఆ మాట తను అంటాడని ఆయనే అనుకున్నట్టు లేడు.

అత్తగారు బుచ్చమ్మ అరుగు మీద ఇదంతా వింటూ కూర్చుంది. ఆ కుండ ముందు నలభై ఏళ్ళు గడిపిన మనిషి. ఇప్పుడేం దెప్పుతుందోనని రత్నమాల గుండె దిటవు చేసుకుంది. బుచ్చమ్మ చీరచెంగు కింద దాచుకున్న కుడిచెయ్యి బయటికి తీసింది. మణికట్టు దగ్గర ఎముక వంకరగా పైకి పొడుచుకుని ఉంది.

"వచ్చే వారం నన్నూ తీసుకెళ్ళవే అమ్మాయ్," అంది నెమ్మదిగా. "నా పేరున కూడా ఒకటి రాయించుకుంటాను."